సాక్ష్యానికి రా, సీతన్నా

వద్దన్నా, వద్దు. ఆ లొట్టి అటు జరుపు. నేను కల్లుకు రాలే. మంచినీళ్లుంటే ఇన్ని ఇయ్యి, గొంతు పిడచ కట్టుకపోయింది.

మధిర అవతలి నుంచి వస్తున్న. పొద్దు పొడవకముందే బయలెల్లిన గానీ ఏం లాభం? వైరా కాడ బండి పంచరై రెండు గంటలు కూసున్న. తల్లాడ దాటినంక గాలి మొదలైంది. ఏం గాలన్నా ఇది! కాలిన పెనం తెచ్చి మొఖానికి ఒత్తినట్టే ఉంది. పత్తికట్టె పీకిన చేన్లు, నెర్రెలిచ్చిన నల్లరేగడి, కంటికి ఆనినంత దూరం ఒక్క చెట్టు లేదు. బండి నేను నడుపుతున్ననో, గాలి నడుపుతుందో తెల్వలే. రెండుసార్లు రోడ్డు దిగిపోయిన.

ఏంది, గట్ల చూస్తవు? గుర్తుపట్టినవా?

అవ్. నేనే.

మూడేండ్ల కింద, ఇదే మే నెల. వడదెబ్బకు మనుషులు పిట్టలెక్క రాలిన ఏడాది. బండిల పెట్రోల్ అయిపోయి నీ తాటిచెట్ల కింద కూలబడ్డోణ్ణి. తెల్ల అంగీ, నుదుట గంధం. నువ్వు "ఒక్క రేక కల్లు తాగు నాయకా, పాణం నిలబడ్తది" అంటే "ఛీ, నేను ముట్ట" అన్నోణ్ణి. అన్నంక తాగినోణ్ణి.

ఎన్ని తాగిన? నువ్వే చెప్పు, నీ చేతితోనే పోసినవు గదా. నాలుగా? చూసినవా, నేను ఇన్నాళ్లు మూడనుకుంటున్న. నా తప్పు నాకే తగ్గి కనబడ్తది.

కూసో అన్నా, ముచ్చట జల్దీ చెప్త. నువ్వు నా బండెక్కి మా తండాకు రావాలె. ఈ పొద్దే. పొద్దుగూకే లోపల. వచ్చి, ఆ రోజు నువ్వు చూసింది నలుగురిల చెప్పాలె. గంతే. మళ్ల నిన్ను తెచ్చి ఈ చెట్ల కాడనే దింపుత. రేపటికి నీ మాట పనికిరాదు.

ఎందుకంటవా? నేను చెప్తే ఎవ్వలూ నమ్ముతలేరు. అందుకు.

నవ్వకు. నవ్వొచ్చే మాటనే గానీ, నవ్వకు.

నా పేరు హాతీరాం. ఆ రోజు నువ్వు అడిగినా పేరు చెప్పలే. చెప్తే యాడనన్న అంటవేమోనని. మా తండాల నా పేరు ఇంటే మంచంల కూసున్నోడు దిగి నిలబడ్తడు. గొప్పలు చెప్పుకుంటలేనన్నా, గదే నా రోగం, అందుకు చెప్తున్న. నేను చదివింది ఏడు. పొద్దుగాల నాలుగింటికి లేస్త. సేవాలాల్ గుడి ఊడుస్త. తానం చెయ్యంది నీళ్లు ముట్ట. బీడీ లేదు, సుట్ట లేదు, చాయ్ గూడ లేదు. తండాల గుడుంబా బట్టీలు పలగ్గొట్టించింది నేనే. తాగొచ్చినోణ్ణి గుడి ముందట నిలబెట్టి గుంజిళ్లు తీయించింది నేనే. సొంత తమ్మునితోటి గూడ తీయించిన. వాని బిడ్డ చూస్తుండంగ.

ఆ తమ్ముడే వీరన్న. ఆ రోజు నా ఎనక కూసున్నోడు. పెట్రోల్ కోసమని సీస పట్టుకొని, మండే రోడ్డు మీద ఏన్కూరు దిక్కు నడిచిపోయినోడు. నువ్వు చూసినవు వాణ్ణి. నల్లగ, సన్నగ ఉంటడు, నెత్తికి ఎర్ర తువ్వాల.

వాడు తాగుతుండె. లేదని నేనన. కూలి పైసలొచ్చిన నాడు తాగుడు, తాగిన నాడు పాటలు పాడుడు, తెల్లారి నా ముందట తల దించుకొని నిలబడుడు. కొట్టడు, తిట్టడు. తాగితే ఏడుస్తడు గంతే. కానీ నాకు గిట్టకపోయేది. నేను తెల్లబట్ట లెక్క ఉండాలె, నా తమ్ముడు దాని మీద మరక లెక్క కనబడ్తుండె.

వాని బిడ్డ భార్గవి. మంచి తెలివిగలది. ఇంటర్ పాసైంది. గిరిజన పిల్లలకు నర్సు ట్రైనింగు సీట్లని భద్రాచలంల పెట్టిన్రు. దానికి సీటొచ్చింది. మా తండాల ఆడపిల్ల అంత దూరం చదివింది లేదు. ఆ రోజు సాయంత్రం అయిదు గంటలలోపు అసలు సర్టిఫికెట్లు అక్కడ చూపెట్టాలె. జిరాక్సులు నడవయి. పిల్ల ముందు రోజే బస్సుల పోయి దోస్తు కాడ ఉంది. కులం సర్టిఫికెట్ మీద సంతకం కాక కాగితాలన్నీ మండలాఫీసులనే చిక్కినయి. ఆ పొద్దున సంతకమైంది. నేనూ వీరన్నా అన్నీ ఒక ప్లాస్టిక్ కవర్ల చుట్టుకొని బండి మీద బయలెల్లినం. నూట నలభై కిలోమీటర్లు. బస్సును నమ్ముకుంటే అందదని.

అవ్ అన్నా. ఆ కవరే. నువ్వు చూసిన ఆ నీలం కవరు.

తండ్రి గదా, మొదలు వీరన్ననే పట్టుకున్నడు. బొడ్డు కాడ తువ్వాలతోటి కట్టుకున్నడు, బిడ్డను కట్టుకున్నట్టు. ముందు రోజు నుంచి చుక్క ముట్టలే వాడు. "భియా, ఈ రెండు రోజులు నీళ్లు దప్ప ఏం తాగ" అన్నడు. భియా అంటే మా మాటల అన్న. నేనేం చేసిన? తల్లాడ కాడ బండాపి, పదిమంది చూస్తుండంగ, "తాగుబోతు కడుపుకు సర్టిఫికెట్లేందిరా, ఇటియ్యి" అని గుంజుకొని నా అంగీల పెట్టుకున్న. వాడు నవ్విండు. "నీ కాడుంటే దేవుని కాడున్నట్టే భియా" అన్నడు.

ఆ మాట ఇప్పటికీ చెవుల రంపం లెక్క తిరుగుతది.

తర్వాత నీకు తెల్సిందే. ఈడికొచ్చేసరికి పెట్రోల్ అయిపోయింది. చూసుకోవాల్సింది నేను. బండి నాది. తమ్మునికి సుద్దులు చెప్పుకుంట ట్యాంకు చూసుకోలే. తప్పు నాది, నడిచింది వాడు. "నీకు ఎండ పడదు భియా, నువ్వు నీడకు కూసో" అని సీస పట్టుకొని పోయిండు.

నాకు నీళ్లు ముట్టని నియమం ఒకటుండె. పెద్ద పని మీద పోయిన నాడు పని అయిందాంక పచ్చి గంగ ముట్ట. ఎవ్వలు పెట్టిన్రు ఆ నియమం? నేనే పెట్టుకున్న. ఎవ్వలకు పనికొచ్చింది? ఎవ్వలకూ రాలే. పన్నెండు కొట్టంగ కండ్లు చీకట్లు కమ్మినయి, చెవులల్ల తుమ్మెదలు. నువ్వు చెట్టు దిగొచ్చినవు. ముందు నీళ్లిస్తవని చూసిన. నీ కుండల నీళ్లు అడుగంటినయి. అడుగున ఉన్నయి కాళ్లు కడుక్కునేటివి. "పండుతాడి నాయకా, ఎండకాలపు కల్లు, ఇప్పుడే దించిన, తీపిగ ఉంటది, ఇది కల్లు కాదు నీరే అనుకో" అన్నవు.

నేను గట్లనే అనుకున్న. మొదటి రేక మందు అనుకొని తాగిన. రెండోది దూప అనుకొని తాగిన. మూడోది... మూడోది ఏం అనుకోలే. బాగుందని తాగిన. గింత మంచిగుంటదా, గిందుకా నా తమ్ముడు తాగుడు అనుకుంట తాగిన. నాలుగోది నాకు యాదికి లేదు, నువ్వు చెప్తున్నవు, ఉండొచ్చు.

తాటాకు రేక ఎత్తి పట్టుకునుడు రాక అంగీ మీద పోసుకున్న. వాసన. ఆ వాసన వీరన్నకు దొరుకుతదని భయమైంది. ముప్పై ఏండ్ల సంది వాణ్ణి వాసన చూసి పట్టుకున్నోణ్ణి, వాడు నన్ను వాసన చూస్తడా? అంగీ ఇప్పిన. లోపలి కవరు తీసి ఆ మూడో చెట్టు మొదట్ల, రాయి కింద పెట్టిన, గాలికి పోకుండ. నీ కుండ అడుగు నీళ్లతోటి అంగీ తడిపి పిండి, బండి మీద ఆరేసిన. ఒరిగిన. నిద్రపట్టింది.

వాడొచ్చి "భియా" అని లేపితే ఉలిక్కిపడి లేచిన. దొంగ లేచినట్టు లేచిన. అంగీ తొడుక్కున్న. ఆ పక్క వేపకొమ్మ ఇరిచి ఆకు నమిలిన. మొఖం అటు తిప్పుకొనే మాట్లాడిన. వాడు పెట్రోల్ పోసిండు, బండి తీసిన. గంతే.

కవరు రాయి కింద ఉంది. నేను నా వాసన గురించి చూసుకున్న.

అగో, గాలి మళ్ల లేచింది. నీ గుడిసె తడిక ఊగుతుంది చూడు, కట్టు. లేకుంటే నేను కడ్త. సరే సరే, కూసుంట.

కొత్తగూడెంల చలివేంద్రం కాడ ఆగినం. వీరన్న తల మీద నీళ్లు పోసుకుంట, "భియా, కవరు తడుస్తది, జర పక్కకు పెట్టు" అన్నడు. రొమ్ము తడిమి చూసుకున్న. లేదు.

అన్నా, మర్చిపోతరు చూడు కొందరు, యాడ పెట్టిన్రో తెల్వక దేవులాడ్తరు. నాకు ఆ అదృష్టం గూడ లేదు. తడిమిన చేయి తడిమినట్టే ఉంది, రాయి కనబడ్డది, చెట్టు కనబడ్డది, నువ్వు కనబడ్డవు. అప్పుడు రెండు గంటలు. ముప్పావు గంటల ఈడికి రావొచ్చు. తీసుకొని మళ్లితే అయిదు లోపల భద్రాచలం. ఎండల బండి పగిలిపోయేటట్టు తోలితే అందుకుందుము.

"ఏది భియా కవరు?" అన్నడు.

"నీకిచ్చిన గదరా" అన్న.

నేను అనలే, నా నోరు అన్నది. అట్ల చెప్పుకుంట గానీ, నేనే అన్న. "పెట్రోల్‌కు పోయేటప్పుడు నీ చేతిల పెట్టిన గదరా" అన్న.

చెట్టు కింద పెట్టి మర్చిపోయిన అంటే సరిపోతుండె గదా అంటవు. ఎందుకు సరిపోదు? సరిపోతుండె. కానీ ఈడికొస్తే నువ్వుంటవు. "నాలుగు రేకలు ఏసి నిద్రపోతివి గద నాయకా" అంటవు. నవ్వుకుంటనే అంటవు, మనసుల ఏం లేకనే అంటవు. నీ నోటికి భయపడ్డ. పులి గురించి భయపడలే, పోలీసోళ్ల గురించి భయపడలే, నీ నవ్వుకు భయపడ్డ.

వాడు నా మొఖం చూసిండు. "లేదు, నువ్వియ్యలే" అంటడనుకున్న. అంటే కొట్టేటోణ్ణేమో, ఒప్పుకునేటోణ్ణేమో, తెల్వదు. వాడు అనలే. వాని మొఖం మెల్లగ మారింది. "ఇచ్చినవా భియా? ఇచ్చినవేమో. ఎండకు నాకు యాదికి లేదు. ఇచ్చే ఉంటవు" అన్నడు.

చూసినవా? వాడు వాని కండ్లను నమ్మలే, నన్ను నమ్మిండు. ముప్పై ఏండ్లు తాగినోడు గదా, రాత్రి ఏం చేసిండో తెల్లారి నేను చెప్తేనే వానికి తెలుస్తుండె. "నిన్న గిట్లన్నవురా" అంటే "అన్నననా భియా, తప్పైంది" అనేటోడు. ఆ అలవాటే. చుక్క ముట్టని నాడు గూడ ఆ అలవాటే పనిచేసింది.

రోడ్డు పొంటి చూసుకుంట ఎనకకొచ్చినం. వాడు పెట్రోల్ తెచ్చిన తోవంత, ఏన్కూరు దుకాణం దాంక. దుకాణపాయన కాళ్లు పట్టుకున్నడు. చెప్పులు తెగితే వట్టి కాళ్లతోటి తారు మీద నడుచుకుంట తుప్పలన్నీ గెలికిండు. నేను గూడ గెలికిన. లేని దాన్ని ఉన్నట్టు దేవులాడిన. చెమటలు కారేటట్టు దేవులాడిన. వాడు చూసి, "నువ్వు కూసో భియా, పడిపోతవు" అన్నడు.

ఆఁ, అవ్. పోయేటప్పుడు నీ చెట్ల ముందట్నుంచే పోయినం, జర దూరం పోయి బండి మలిపి వచ్చేటప్పుడు గూడ; చెట్ల కింద నేను చూసే లేచిన అని వాణ్ణి ఆగనియ్యలే. ఆ గాలిల నువ్వు పిలిచినా ఏం ఇనబడ్తదన్నా? బండి చప్పుడు, గాలి చప్పుడు.

సరే, ముందు ఇది ఇను.

భద్రాచలం పోయేసరికి ఏడైంది. ఆఫీసు కిటికీ మూసిన్రు. సీటు ఎనక నంబరు పిల్లకిచ్చిన్రు. వాళ్లను అననీకి లేదు, అయిదు దాంక అన్నరు, అయిదున్నర దాంక చూసిన్రట. భార్గవి మెట్ల మీద కూసోనుంది. ఏడుస్తలేదు. నేను చెప్పలే, వీరన్ననే చెప్పిండు. "నా చేతిల ఉండె బిడ్డా, పడేసుకున్న" అన్నడు. పిల్ల తండ్రిని చూడలే. నన్ను చూసింది. "పెదనాయనా, నువ్వొక్కనివే వచ్చినా అయిపోతుండె గదా. ఈయననెందుకు తెచ్చినవు?" అన్నది.

నేను దాని తల నిమిరిన. అన్నా, గీ చేత్తో నిమిరిన.

తండాల పంచాయితి పెట్టిన్రు. మా తండా పెద్ద, నాయక్ రూప్‌సింగ్ వీరన్నను నిలబెట్టిండు. "తాగి పడేసినవా, నిజం చెప్పు" అంటే, "తాగలే, ప్రమాణం చేస్త" అని అరచేతిల కర్పూరం ముట్టించుకొని ఆర్పిండు. చెయ్యి బొబ్బలెక్కింది. ఎవ్వలూ నమ్మలే. ఎవడో "మరి హాతీరాం గూడ చెయ్యాలె గదా" అంటే రూప్‌సింగ్ వాని మీదికి లేచిండు. "హాతీరాంకు కర్పూరమేందిరా, కర్పూరమే హాతీరాం మీద ప్రమాణం చెయ్యాలె" అన్నడు. అందరు నవ్విన్రు. నేను గూడ కొద్దిగ నవ్విన.

ఆ తర్వాత పిల్ల మళ్ల ఆ సీటు మొఖం చూడలే. నకలు కాగితాలు పుట్టనీకే ఏడాది పట్టింది. మధిరల ఒక దవాఖానల ఆయమ్మ పనికి కుదిరింది. నర్సులు సూది మందులు ఇస్తుంటే అది కింద రక్తం తుడుస్తది. ఎప్పుడన్న నేను పోతే "పెదనాయనొచ్చిండు" అని అందరికి చూపెడ్తది.

వీరన్న ఖమ్మం పోయిండు, పత్తి మిల్లుల కావలి పని. పండుగకొచ్చినా బిడ్డ మాట్లాడదు, పెండ్లాం కమ్లి అన్నం పెట్టి అటు తిరిగి కూసుంటది. ఇంకొకటి చెప్పనా? ఆ రోజు సంది వాడు చుక్క ముట్టలే. మూడేండ్లు. "తాగకున్నా తాగినోని బుర్రే గదా భియా, అందుకే పడేసుకున్న" అని మానేసిండు. ఇగ నేనేం అనుకున్న తెల్సా? మంచికే జరిగింది అనుకున్న. అబద్ధం ఒకటి, బాగుపడ్డ మనిషొకడు. దేవుడే నాతో ఆడించిండు అనుకున్న. గుడి ఊడ్చుకుంట గట్లనే అనుకున్న, పొద్దుగాల నాలుగింటికి లేచి.

మరి ఇప్పుడెందుకొచ్చినవంటవు.

రేపే పిల్ల పెండ్లి.

మా దాంట్ల పెండ్లి పిల్ల అత్తగారింటికి పోయేటప్పుడు అయినోళ్ల మెడ పట్టుకొని ఏడుస్తది. ఊరికే ఏడుసుడు కాదన్నా, రాగం తీసి, పుట్టిన కాడ నుంచి ఎత్తుకొని, వాళ్లు చేసిన మేలు చెప్పుకుంట ఏడుస్తది. మొదలు తండ్రి మెడ. మొన్న ఆడోళ్లు కూసోని భార్గవికి ఆ రాగం నేర్పుతున్నరు. నేను గుమ్మంల నిలబడ్డ. అది ఆపి, "ఆయన మెడ నేను పట్టుకోను. పెదనాయన మెడ పట్టుకొని ఏడుస్త. నన్ను సాదిన తండ్రి ఆయనే" అన్నది. వీరన్న ఆ రోజే ఊర్లకొచ్చిండు. గోడ అవతల నిలబడి ఇన్నడు. ఇని, పందిరికి గుంజలు పాతనీకి పోయిండు.

ఆ పిల్ల నా మెడ పట్టుకొని, నా మేలు పాడుకుంట ఏడిస్తే నేను బతకనన్నా. ఉరి గూడ అంతకంటే సుఖం.

నిన్న పంచాయితి పిలిపించిన. అందరి ముందట చెప్పిన. కల్లు తాగిన, కవరు చెట్టు కింద మర్చిపోయిన, తమ్ముని మీద ఏసిన అని చెప్పిన.

ఏమన్నరనుకుంటున్నవు?

రూప్‌సింగ్ కండ్లు తుడుచుకున్నడు. "చూడున్రిరా, తమ్ముడు బిడ్డ పెండ్లిల తలెత్తుకోవాలని వాని తప్పు నెత్తినేసుకుంటున్నడు" అన్నడు. ఆడోళ్లు లేచి నా కాళ్లు మొక్కిన్రు! చందూలాల్ అని ముసలి తాగుబోతొకడు, వాడొక్కడే పరీక్ష పెట్టిండు. "కల్లు తాగిన అంటున్నవు గదా, ఎట్లుండె చెప్పు" అన్నడు. "తీపిగ, కొద్దిగ పులుపు, నురుగు" అన్న. "సొరకాయ గింజంత పోరడు గూడ చెప్తడు గది. తాగినోడు గట్ల చెప్పడు, నీకు అబద్ధం గూడ చేతకాదు హాతీరాం, పో" అన్నడు.

కర్పూరం తెమ్మన్న. రూప్‌సింగ్ చెయ్యి పట్టుకున్నడు. "తమ్ముని కోసమైనా దొంగ ప్రమాణం పాపం" అన్నడు. నా పెండ్లాం జమ్లి ఇంట్ల ఏమన్నది? "తాగిన అని చెప్పుకునే మొఖమేనా నీది? ఊకో, మజ్జిగ తాగి పండుకో."

వీరన్న దగ్గరికే పోయిన. వాడు గుంజ పాతుతున్నడు. "వీరూ, నేను నీకు కవరు ఇయ్యలేరా" అన్న. వాడు పార పక్కకు పెట్టి నవ్విండు. "నువ్వు తాగినవంటే నేను నమ్మాల్నా భియా? నువ్వు తాగవని చూసే గద నేను మానిన. నా తప్పు నన్ను మొయ్యనీ" అన్నడు.

అందుకే వచ్చిన. నువ్వొక్కనివే ఉన్నవు ఈ భూమ్మీద, నేను చెడ్డోణ్ణని తెల్సినోనివి.

ఏమంటవు? నీ కాడున్న ఆ కవర్ల కాగితాలకు చెదలు పట్టిందా? పట్టనీ. కాగితాలకు రాలేదు నేను. నీ నోరు కావాలె.

రానంటవా? ఎందుకు? పండుతాడి మూడు పూటలు గియ్యాలె, నిజమే. ఒక్క పూట పోతది. పెండ్లిల నిన్ను కాళ్లు కడిగి కూసోబెడ్త...

కాదా? మరేంది?

అడుగు. ఏమన్న అడుగు.

ఇందాక చెప్పిన గదా, గాలని. బండి చప్పుడని. నువ్వు చెట్టు మీదున్నవు, నేను కిందున్న, ఏం ఇనబడ్తది...

సీతన్నా, గట్ల చూడకు.

అవ్, మొదటిసారి పోయేటప్పుడు ఇనబడ్డది. చెట్టు మీదికెల్లి "ఓ నాయకా" అని ఒర్లినవు. ఇనబడ్డది. వీరన్న "ఎవరో పిలుస్తున్నరు భియా" అన్నడు. "కల్లోడు గిరాకిని పిలుస్తుండు, నీకు అదే ఇనబడ్తది" అన్న. వాడు తువ్వాల మొఖం మీదికి గుంజుకున్నడు.

ఇంకనా? అది సాలదా?

నువ్వు చెప్పించేదాంక ఇడువవు. పంచాయితిల గూడ నేను ఇది చెప్పలే. మర్చిపోయిన అనే చెప్పిన, మర్చిపోవుడు పెద్ద తప్పా? అందుకే కాళ్లు మొక్కిన్రు. సగం చెప్పినోణ్ణి దేవుణ్ణి చేసిన్రు.

మళ్లి వచ్చేటప్పుడు నువ్వు కిందికి దిగి ఉన్నవు. రోడ్డు అంచున. బండి నిన్ను దాటింది. అద్దంల చూసిన. నడుముకు చెట్టెక్కే మోకు అట్లనే ఉంది, నువ్వు ఉరుకుతున్నవు. చెయ్యి పైకెత్తి ఉంది. చేతిల నీలం కవరు, గాలికి టపటప కొట్టుకుంటుంది. మూడు గంటలు కాలే ఇంక. బ్రేకు నా కాలి కింద ఉంది. నా ఎనక తండ్రి ఏడుస్తుండు, ముందట బిడ్డ ఎదురుచూస్తుంది, మధ్యల నువ్వు ఉరుకుతున్నవు, ముళ్లల్ల, వట్టి కాళ్లతోటి, నీకేం సంబంధమని? నీకేం కాని పిల్ల గురించి నువ్వు ఉరుకుతున్నవు.

చూసిన. నిలువునా చూసిన. చూసి గేరు మార్చిన.

పిల్ల గురించి కాదు, తమ్ముని గురించి కాదు, హాతీరాం తాగిండు అంటరని. గంతే. గంతే అన్నా, ఇంక ఏం లేదు లోపల.

ఇది చెప్పు అక్కడ. కల్లు ముచ్చట తర్వాత, ముందు ఇది చెప్పు. పిల్ల ముందట, వీరన్న ముందట చెప్పు. నేను మధ్యల అడ్డమొస్త. గాలి అంట, చప్పుడంట, పెద్దమనిషివి జర సక్కగ చెప్పన్నా అంట. నాకు తెల్సు నా సంగతి. అన్నా నువ్వు ఆగకు.

మోకు ఇప్పినవా? ఇప్పు. కత్తి గుడిసెల పెట్టు. రా, ఎక్కు. నన్ను గట్టిగ పట్టుకోకు, చెమట.